కిటికీ సీటుకు ముందు ఎండ లెక్క

విమానంలో ఏ కిటికీ పక్కన కూర్చుంటే దృశ్యం బాగుంటుందన్న ప్రశ్నకు దొరికే జవాబులన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. ఢిల్లీ నుంచి గువాహటి వెళ్తుంటే ఎడమ పక్క తీసుకోండి, హిమాలయాలు కనిపిస్తాయి. లేహ్ వెళ్తున్నా ఎడమే. రెక్క మీది వరుసలు మాత్రం వద్దు. ఈ సలహాల్లో తప్పేమీ లేదు. కానీ ఇవన్నీ చూడాల్సింది ఎటువైపు ఉందో చెప్తాయి, అది ఎలా కనిపిస్తుందో చెప్పవు. దారి అదే, సీటు అదే, నెల కూడా అదే. అయినా ఉదయం విమానంలో తెల్లటి మసక తప్ప ఏమీ ఆనని చోట, సాయంత్రం విమానంలో వాగు వంపులు, పొలాల గళ్లు విడివిడిగా తెలుస్తాయి. మారింది సూర్యుడున్న దిక్కు ఒక్కటే. అందుకే కిటికీ సీటు ఎంపికలో మొదట తేల్చుకోవాల్సింది ప్రయాణ వేళ. పక్క ఏదన్నది దాన్నిబట్టి తేలుతుంది, వరుస సంగతి ఆఖరున. మనలో చాలామంది వరుస దగ్గర మొదలుపెట్టి పక్క దగ్గర ఆగిపోతాం. టికెట్ కొనేటప్పుడే సగం తేలిపోయే విషయాన్ని వెబ్ చెక్-ఇన్ దాకా వాయిదా వేస్తాం.

ఎండ ఇంత తేడా ఎందుకు తెస్తుందో తెలియాలంటే ముందు గాలిని, తర్వాత కిటికీని చూడాలి. నేలకు పైన రెండు మూడు కిలోమీటర్ల దాకా గాలిలో దుమ్మూ పొగా తేమా ఎప్పుడూ ఉంటాయి. ఆ కణాలు తమ మీద పడిన వెలుగును అన్ని దిక్కులకూ సమానంగా చిమ్మవు, వెలుగు సాగుతున్న దిశలోనే ఎక్కువగా చిమ్ముతాయి. కాబట్టి సూర్యుడికి ఎదురుగా చూసేవారికి ఆ మసకంతా తెల్లగా వెలిగి నేలను కప్పేస్తుంది. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని చూసేవారికి అదే మసక పల్చబడినట్టు ఉంటుంది, పచ్చ పచ్చగా, ఎర్రమట్టి ఎర్రగా కనిపిస్తాయి. ఇక కిటికీ. అది గాజు కాదు, అక్రిలిక్. ఒకటే పలక అనిపించినా మూడు పొరలు. క్యాబిన్ ఒత్తిడి భారమంతా బయటి పొర మోస్తుంది, దానికి తోడు మధ్యది, మన చేతులు తగిలేది మూడోది. మధ్య పొర అడుగున సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. పొరల మధ్య ఒత్తిడిని సరిచేసి, అద్దానికి ఆవిరి పట్టకుండా చూసేది అదే. ఎత్తుకు వెళ్లాక దాని చుట్టూ మంచు రేకులు విచ్చుకుంటాయి. ఏళ్ల తరబడి తుడవగా ఆ పొరల నిండా సన్నటి గీతలు పడి ఉంటాయి. నీడలో ఉన్నంతసేపు అవి కంటికి కనిపించవు, ఎండ నేరుగా తగిలిందా ఒక్కో గీతా నిప్పుతీగలా వెలిగి దృశ్యానికి అడ్డం పడుతుంది. గాలి చేసే నష్టం, అక్రిలిక్ చేసే నష్టం రెండూ ఎండ పక్కనే కలిసి పడతాయి. కాబట్టి నేలను చూడాలనుకునేవారు నీడ పక్క కూర్చోవాలన్నది మొదటి సూత్రం.

ఏ పక్క నీడ అన్నది లెక్కకట్టడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. ఉత్తరానికి సాగే విమానంలో ఉదయం కుడి పక్క ఎండ, సాయంత్రం ఎడమ పక్క ఎండ. దక్షిణానికి వెళ్తే ఇది తారుమారు. తూర్పు పడమరలుగా సాగే ప్రయాణాల్లో మాత్రం ఋతువును కూడా కలుపుకోవాలి. ఢిల్లీలో మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణంగానే ఉంటాడు. హైదరాబాద్‌లో అలా కాదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా నడిమింటి సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం రెండు పక్కలకూ పెద్ద తేడా ఉండదు, నీడలు లేక నేలంతా చదునుగా కనిపిస్తుంది. డిసెంబరులో అదే మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. విశాఖ వైపు వెళ్లే విమానంలో అప్పుడు కుడి పక్క ఎండ, ఎడమ పక్క నీడ స్పష్టంగా విడిపోతాయి.

ఈ సూత్రాన్ని మన నేల మీదే పరీక్షించి చూడొచ్చు. శంషాబాద్ నుంచి తిరుపతికి పటంలో నేరు గీత గీస్తే అది కృష్ణను, నల్లమలను దాటుకుంటూ దక్షిణానికి సాగుతుంది. శ్రీశైలం ఆనకట్ట ఆ గీతకు తూర్పున పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో పడుతుంది, నాగార్జునసాగర్ డెబ్బై కిలోమీటర్ల దూరంలో. మామూలు సలహాదారు ఇక్కడ ‘వెళ్లేటప్పుడు ఎడమ పక్క’ అని చెప్పి ఊరుకుంటాడు. కానీ ఉదయం విమానంలో తూర్పు పక్కంటే ఎండ పక్క. ఆనకట్ట ఉన్న లోయ నీడలో ఉంటుంది, దాని మీది మసక వెలుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటిన విమానమైతే సూర్యుడు పడమటికి వాలి, మన వెనక నుంచి నల్లమల లోయల పడమటి వాలుల మీద వెలుగు పోస్తాడు. కొండల మడతలు, లోయలో కృష్ణ తిరిగే మలుపులు అప్పుడు విడిగా తెలుస్తాయి. తిరుగు ప్రయాణంలో ఆనకట్ట కుడి పక్కకు వస్తుంది, అదీ సాయంత్రమే బాగుంటుంది. అంటే పోతూ ఎడమ, వస్తూ కుడి. వేళ మాత్రం రెండుసార్లూ మధ్యాహ్నం తర్వాతే. పక్క మారింది, వేళ మారలేదు. నా వాదనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదనుకుంటాను. వర్షాలు వెనకబట్టి, గాలి కడిగినట్టున్న అక్టోబరు చివర్లో అయితే మరీ మంచిది.

మరి ఢిల్లీ-గువాహటి దారిలో ‘ఎడమ పక్క’ అన్న ఒక్క మాట అందరికీ ఎందుకు పనిచేస్తోంది? వేళతో నిమిత్తం లేకుండానే ఆ సలహా నిలబడుతోంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిలబడుతోంది, ఎందుకంటే అక్కడ చూడాల్సిన దిక్కూ నీడ ఉన్న దిక్కూ ఒకటే అయ్యాయి. విమానం తూర్పుగా పోతుంటే ధవళగిరి, అన్నపూర్ణ, మనస్లు, ఎవరెస్టు, మకాలు, కాంచనజంగ వరసగా ఉత్తరాన వస్తాయి. సూర్యుడు దక్షిణాన ఉంటాడు. మంచుకొండల దక్షిణపు ముఖాల మీద నిండుగా వెలుగు పడుతుంది, చూసేవారి వీపు సూర్యుడి వైపు ఉంటుంది. జూన్ నెలలో మరీ తెల్లవారుజామున సూర్యుడు ఈశాన్యం నుంచి వస్తాడు గనక అప్పుడు కాస్త ఇబ్బంది. పైగా చలికాలపు పొగమంచు గంగా మైదానం మీద ఎంత దట్టంగా పరుచుకున్నా అది కిందనే ఉంటుంది. 8,849 మీటర్ల ఎవరెస్టు నుంచి దాదాపు 11 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న కంటికి వచ్చే చూపు గీత మసక పొరలోకి దిగనే దిగదు. ఢిల్లీ నుంచి లేహ్‌కు ఎడమ పక్క బాగుండటానికీ ఇలాంటి కారణమే ఉంది. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తులో ఉంది. పొద్దెక్కేకొద్దీ లోయలో గాలులు రేగుతాయి, వేడెక్కిన పల్చటి గాలిలో విమానం బరువుతో లేవడం కష్టమవుతుంది. అందుకే అక్కడికి విమానాలు ఎక్కువగా ఉదయమే నడుస్తాయి. ఉదయం ఉత్తరానికి వెళ్తే ఎండ కుడి పక్క ఉంటుంది, నున్, కున్ శిఖరాలు ఎడమ పక్క ఉంటాయి. అంటే ఇక్కడ వేళను మనకు బదులు ఆ లోయే ఎంచి పెట్టింది. ఈ దారుల్లో ‘ఎడమ’ అన్న సలహాకు పేరొచ్చింది కదా అని దాన్నే అన్ని దారులకూ పద్ధతిగా తీసుకుంటే పొరపాటు. ఖాట్మండు నుంచి నడిపే పర్వత దర్శన విమానాల వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. కొండల వెంట తూర్పుగా వెళ్లి, వెనక్కి తిరిగి అదే దారిన వస్తారు, రెండు పక్కలవారికీ కొండలు దక్కుతాయి.

ఎండ పక్కను ఇంతగా తీసిపారేయడం సరికాదని ఛాయాచిత్రకారులు అంటారు. వాళ్ల మాటలో చాలా బలముంది, ముఖ్యంగా తెలంగాణ మీదుగా ఎగిరేవారికి. నీటి మీద పడ్డ ఎండ అద్దం మీద పడ్డట్టే ఏ కోణంలో వచ్చిందో అదే కోణంలో తిరిగి లేస్తుంది. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే, ఎండ పక్క కూర్చున్నవారి కంటి మట్టానికి 30 డిగ్రీల కిందుగా ఒకచోట ఆ మెరుపు కనిపిస్తుంది. పదిన్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి అది దాదాపు 18 కిలోమీటర్ల దూరంలోని నేల. విమానంతో పాటు ఆ చోటూ గంటకు 800 కిలోమీటర్ల వేగంతో నేల మీద పరిగెడుతుంది. దాని దారిలో పొలం వచ్చినంతసేపు ఏమీ ఉండదు, చెరువు రాగానే భగ్గుమంటుంది, ఆరిపోతుంది, మరో చెరువు వెలుగుతుంది. కాకతీయుల కాలం నుంచి ఒకదాని అలుగు నీరు మరొకదానికి పారేలా కట్టుకొచ్చిన గొలుసుకట్టు చెరువులు ఎంత దగ్గరదగ్గరగా ఉన్నాయో, అవి నిండిన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఈ మెరుపుల వరస చూపించినంత సూటిగా మరేదీ చూపించలేదు. మామూలు వేళ కంటికి ఆనని కుంటలు కూడా ఆ క్షణంలో బయటపడతాయి. కాబట్టి నీటి కోసమైతే ఎండ పక్కే సరైనది. అయితే ఇది నా వాదనను కొట్టివేయదు. ఇక్కడా నిర్ణయించింది సూర్యుడే, సీటు సంఖ్య కాదు. నీడ పక్కకు దానిదైన కానుక మరొకటి ఉంది. కింద మబ్బు పరుచుకుని ఉంటే, సూర్యుడికి సరిగ్గా ఎదురు బిందువు దగ్గర రంగుల వలయం ఒకటి విమానం వెంటే వస్తుంది. మబ్బులోని నీటి తుంపరలు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపడం వల్ల ఏర్పడేది ఇది. విమానం నీడ కూడా కనిపించేంత దగ్గరగా మబ్బు ఉంటే, ఆ వలయం నడిమధ్య సరిగ్గా మీరు కూర్చున్న చోటి నీడ ఉంటుంది. ముందు వరుసలో కూర్చున్నవారికి ముక్కు దగ్గర, వెనక కూర్చున్నవారికి తోక దగ్గర వలయం కనిపిస్తుంది.

ఇప్పుడు వరుస. రెక్క అడ్డం వస్తుందన్న ఫిర్యాదు నిజమే గానీ, అది దేనికి అడ్డమన్నది తేల్చుకోవాలి. నేల మీది వస్తువును వాలుగా చూసేకొద్దీ చూపు ఎక్కువ మసకలోంచి పోవాలి. నిట్టనిలువుగా చూస్తే ఎంత మసక దాటాలో, 30 డిగ్రీల వాలులో దానికి రెట్టింపు, 10 డిగ్రీల వాలులో దాదాపు ఆరింతలు. అంటే నేల స్పష్టంగా కనిపించేది విమానానికి దగ్గరగా, కిందికి తొంగిచూసే కోణాల్లోనే. రెక్క కప్పేసేది కూడా సరిగ్గా ఆ కోణాలనే. కాబట్టి ఊళ్లూ నదులూ చూడాలనుకుంటే రెక్క మీది వరుసలు పనికిరావు. ముప్ఫై వరుసలున్న ఏ320 తరహా విమానంలో దాదాపు తొమ్మిదో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా ఈ ఇబ్బంది ఉంటుంది. రెక్క వెనక కూర్చుంటే ఇంజిన్ వదిలే వేడి గాలి దృశ్యాన్ని అలలు అలలుగా కదిలిస్తుంది, అందుకే ముందు వరుసలు మేలు. కానీ హిమాలయాల సంగతి వేరు. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న శిఖరాలు కంటి మట్టానికి ఒకటి రెండు డిగ్రీల కిందుగా, దాదాపు సూటిగా ఉంటాయి. రెక్క చాలావరకు ఆ గీతకు దిగువనే ఉండిపోతుంది. కొండల కోసం వెళ్తూ ముందు వరుస దొరకలేదని బాధపడనక్కర్లేదు.

విమానం రకం కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ నుంచి తిరుపతి, రాజమండ్రి, కడప వంటి ఊళ్లకు నడిచే ఏటీఆర్ 72ను చిన్న విమానమని చాలామంది చిన్నచూపు చూస్తారు. దృశ్యం కోరేవారికి మాత్రం మన ఆకాశంలో దానికి సాటి లేదు. రెక్క శరీరం పైన ఉంటుంది, కిందికి చూడటానికి ఏ వరుసలోనూ పెద్ద అడ్డం లేదు. వరుసకు నాలుగే సీట్లు, అంటే సగం మంది కిటికీ పక్కనే. జెట్ విమానాలకన్నా బాగా తక్కువ ఎత్తులో, నెమ్మదిగా వెళ్తుంది. ఆ తక్కువ ఎత్తు వివరాల విషయంలో మనకు లాభమే. శ్రీశైలం గురించి చెప్పిన లెక్క ఈ విమానంలో చేసి చూసుకుంటే, ఐదారు కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆనకట్ట పాతిక డిగ్రీల వాలులో ఉంటుంది. మెడ వంచి వెతకనక్కర్లేదు. దూర ప్రయాణాల్లో బోయింగ్ 787 కిటికీ 47 సెంటీమీటర్ల ఎత్తుతో మిగతావాటికన్నా పెద్దది. కానీ దానికి లాగే తెర ఉండదు, మీట నొక్కితే అద్దమే నల్లబడుతుంది, సిబ్బంది తలచుకుంటే క్యాబిన్ మొత్తానికీ ఒకేసారి చీకటి చేయగలరు. పగలు కూడా అలా చేస్తే కిటికీ పెద్దదై లాభం లేదు.

ఈ లెక్కలన్నీ కాగితం మీదివేననీ, పైలట్ ఏ దారిన పోతాడో, ఏ వైపు నుంచి దిగుతాడో ముందుగా ఎవరికి తెలుసనీ ఇంకొక అభ్యంతరం. గీతకు దగ్గరగా ఉన్న వాటి విషయంలో ఈ మాట ఒప్పుకోవాలి. మబ్బును తప్పించుకోవడానికి విమానం పదిహేను కిలోమీటర్లు తూర్పుకు జరిగితే శ్రీశైలం ఆనకట్ట కుడి పక్కకు వచ్చేస్తుంది. సాగర్ మాత్రం రాదు. లక్ష్యం ఎంత దూరంగా ఉంటే పక్క అంత నికరం. దిగే వైపు కూడా మొత్తంగా జూదమేమీ కాదు. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. నైరుతి ఋతుపవనాల నెలల్లో గాలి పడమర నుంచి వీస్తుంది గనక విమానాలు ఎక్కువగా తూర్పు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగుతాయి, చలికాలంలో తూర్పు గాలికి ఇది తిరగబడుతుంది. హైదరాబాద్ నగరం, హిమాయత్‌సాగర్, గండిపేట అన్నీ విమానాశ్రయానికి ఉత్తరంగానే ఉన్నాయి. కాబట్టి వానాకాలంలో దిగేవారికి కుడి పక్క, చలికాలంలో దిగేవారికి ఎడమ పక్క. విశాఖలో నౌకాదళ స్థావరంలోని రన్‌వే మీదికి సముద్రం వైపు నుంచి దిగితే డాల్ఫిన్స్ నోస్, ఓడరేవు ఎడమ పక్క, బీచ్ రోడ్డు, కైలాసగిరి కుడి పక్క వస్తాయి. భోగాపురం విమానాశ్రయానికి ఈ లెక్క చెల్లదు, దానిది వేరుగా వేసుకోవాలి. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా దిగే దుబాయిలో బుర్జ్ ఖలీఫా, తాటిచెట్టు ఆకారపు దీవి రెండూ విమానాశ్రయానికి నైరుతిలో ఉన్నాయి. సముద్రం వైపు నుంచి దిగేటప్పుడు కుడి పక్క, సముద్రం వైపుకే లేచేటప్పుడు ఎడమ పక్క అవి కనిపిస్తాయి. ఫ్లైట్‌రాడార్24లో ఆ విమానం గత కొద్ది రోజులుగా ఏ దారిన వెళ్లిందో చూసుకుంటే అనుమానం చాలామటుకు తీరిపోతుంది.

వేళ ఎంచుకునే వెసులుబాటు ఎందరికి ఉంటుంది, ఏది చవకైతే అదే కదా కొనేది అన్న మాట అన్నిటికన్నా బరువైనది. పెళ్లికో పరీక్షకో పరుగెత్తేవారికి, ఛార్జీ వంద తగ్గితే చాలనుకునేవారికి సూర్యుడి దిక్కు చూసుకుని టికెట్ కొనమనడం భావ్యం కాదు. కానీ వేళ చేతిలో లేకపోయినా పక్క చేతిలో ఉంటుంది. ఉన్న వేళకు నీడ ఎటో చూసుకుని సీటు తీసుకోవచ్చు. రానూపోనూ టికెట్టయితే రెండిట్లో ఏ ప్రయాణం వెలుగుకు అనుకూలమో దానికే కిటికీ డబ్బులు ఖర్చుపెట్టి, రెండోదానికి ఏది దొరికితే అది తీసుకోవచ్చు. రాత్రి ప్రయాణమైతే ఎండ లెక్క ఉండదు. వెలిగే నగరం ఎటుందో చూసుకుంటే చాలు, ఉత్తర ధ్రువం దగ్గరగా పోయే అమెరికా ప్రయాణాల్లో ధ్రువకాంతుల కోసం ఉత్తరపు పక్క. భద్రతా నిబంధనలు మాత్రం అన్నిటికన్నా ముందు. 2025 మేలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ముఖ్యంగా పశ్చిమ సరిహద్దు దగ్గరి రక్షణ స్థావరాల్లో, లేచేటప్పుడూ దిగేటప్పుడూ 10,000 అడుగుల దాకా కిటికీ తెరలు మూసి ఉంచాలని ఆదేశించింది. సైనిక విమానాశ్రయాల ఫొటోలు తీయడం ఎక్కడైనా నిషిద్ధమే.

అన్నీ సరిచూసుకుని డబ్బు కట్టాక కూడా కిటికీ దక్కకపోయే ప్రమాదం ఒకటుంది, దాని గురించి తగినంతగా మాట్లాడటం లేదు. ఏ320లో కిటికీలు అర మీటరుకు కాస్త ఎక్కువ ఎడంతో ఉంటాయి, సీట్లను మాత్రం విమాన సంస్థ తన లెక్కప్రకారం 71 నుంచి 79 సెంటీమీటర్ల ఎడంతో బిగిస్తుంది. రెండు కొలతలూ కలవవు గనక కొన్ని వరుసల్లో కిటికీ భుజం వెనకకు పోతుంది. బోయింగ్ 737లో రెక్కకు కాస్త ముందు వరుసల దగ్గర ఏసీ గాలి గొట్టం గోడలోంచి పైకి వెళ్తుంది, ఆ చోట కిటికీయే ఉండదు. మన దేశంలో ఆకాశ ఎయిర్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఈ రకం విమానాలు నడుపుతున్నాయి. కిటికీ సీటని అదనంగా వసూలు చేసి ఉత్త గోడ పక్కన కూర్చోబెట్టారంటూ 2025 ఆగస్టులో అమెరికాలో డెల్టా, యునైటెడ్ సంస్థల మీద ప్రయాణికులు కోర్టుకెక్కారు. ఆ దావాల ఫలితం ఏదైనా, వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. ఏ వరుసలో కిటికీ లేదో సీట్లు బిగించినవారికి తెలియని విషయం కాదు. సీటు మ్యాప్‌లో ఆ గడి మీద ఒక గుర్తు, రెక్క ఉన్న మేరకు ఒక నీడ గీత పెట్టడానికి ఖర్చు కూడా లేదు. కిటికీ పేరుతో అదనపు రుసుము తీసుకునే ప్రతి సంస్థా ఇది చూపించి తీరాలని డీజీసీఏ నియమం పెట్టాలి. అందాకా టికెట్ మీద విమానం రకం చూసుకుని, 737 అయితే రెక్క ముందరి ఆ రెండు మూడు వరుసలు వదిలేయడం మంచిది.